కుప్పలుగా కొట్టిన కల్తీ వెండి నాణేలు ఇప్పుడెందుకు దొరకట్లేదు?

మంచి సరుకుని తెలుగులో "నాణెమైన సరుకు" అంటాం, నాణ్యత అనే మాటా ఆ కుటుంబందే. అంటే మన భాషలో నాణెం అన్నాక వన్నె, తూకం రెండూ సరిగ్గా ఉన్నట్టే లెక్క. జర్మన్ రాజ్యాల్లో 1619 నుంచి 1623 దాకా సరిగ్గా ఈ లెక్కే తప్పింది. వెండి అని చెప్పి చేతిలో పెట్టిన కాసు కొన్నాళ్ళు చేతులు మారేసరికి పైపూత అరిగి ఎర్రగా రాగి బయటపడేది. పైన పటారం లోన లొటారం అన్నది దీన్ని చూసే పుట్టిందేమో అన్నంత బాగా కుదురుతుంది.

ఆ నాణేల్నే ఇప్పుడు కిప్పర్ నాణేలు అనే పేరుతో యూరప్ వేలాల్లో అమ్ముతున్నారు, ఆన్‌లైన్ లిస్టింగుల్లో పక్కన "చాలా అరుదు" అని ఒక ముక్క తగిలిస్తున్నారు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళకి ఇక్కడ రెండు అనుమానాలు. అంత విపరీతంగా కొట్టిన నాణెం అరుదు ఎలా అవుతుంది? ఆ రోజుల్లోనే ఎవరూ తీసుకోనన్న కల్తీ కాసుకి ఇప్పుడు అదే కాలపు మంచి వెండి చిల్లర కంటే కొన్నిసార్లు ఎక్కువ ధర ఎందుకు?

క్లుప్తంగా

రాజులు యుద్ధ ఖర్చుకీ లాభానికీ చిల్లర నాణేల్లో వెండి తగ్గించి రాగి పెంచారు, పక్క రాజ్యాలు అదే బాట పట్టాయి, రెండు మూడేళ్ళలో మారకం కుప్పకూలింది. 1623లో పాత రేటుకి తిరిగొచ్చినప్పుడు ఈ నాణేల్ని వెనక్కి తీసుకుని కరిగించేశారు. కొట్టడానికీ కరిగించడానికీ కారణం ఒకటే, అందులో వెండి లేకపోవడం. ఇవాళ్టి అరుదుదనం అక్కడి నుంచే వచ్చింది, అయితే అన్ని కిప్పర్ నాణేలకీ ఆ మాట సమానంగా వర్తించదు.

అసలు లెక్క ఎలా ఉండేది

అప్పటి జర్మనీ ఒక దేశం కాదు, హోలీ రోమన్ ఎంపైర్ అనే గొడుగు కింద వందల చిన్నా పెద్దా రాజ్యాలు, బిషప్పుల సంస్థానాలు, స్వతంత్ర నగరాలు. వీటిలో చాలావాటికి నాణెం కొట్టుకునే హక్కు ఉండేది. అందుకే 16వ శతాబ్దంలో చక్రవర్తి కొలువు అందరికీ ఒకే కొలత పెట్టాలని చూసింది. 1566లో ఒప్పుకున్న పెద్ద వెండి నాణెం రైక్స్‌టాలర్ బరువు 29.23 గ్రాములు, అందులో అసలు వెండి 25.98 గ్రాములు. కొలోన్ మార్క్ అనే తూకం 233.856 గ్రాములు, అంత మేలిమి వెండిలో సరిగ్గా 9 టాలర్లు వస్తాయి. బొహీమియాలోని యోఆఖిమ్‌స్టాల్ వెండి గనుల ఊరి పేరు నుంచే టాలర్ వచ్చింది, ఆ టాలరే తర్వాత డాలర్ అయింది.

సామ్రాజ్యాన్ని 10 మండలాలుగా విడగొట్టి, ఒక్కో మండలంలో మూడు నాలుగు టంకశాలలే ఉండాలి, మండల సభల్లో నాణేల వన్నె పరీక్షించాలి అని రూల్ పెట్టారు. సొంత వెండి గనులు ఉన్న రాజులకి మాత్రం మినహాయింపు. కాగితం మీద చూస్తే పటిష్ఠమైన ఏర్పాటే, కానీ రూల్ మీరినవాడిని పట్టుకుని శిక్షించే కేంద్ర బలగం అంటూ ఏదీ లేదు, మండలంలో మిగతా రాజులు కలిసి ఒత్తిడి తేవాలి, ఆ మిగతా రాజులకీ డబ్బు అవసరాలు ఉన్నాయి మరి.

చిల్లర కొడితే నష్టం

దొంగతనం, దురాశ అని తేల్చేసే ముందు ఒక లెక్క చూడాలి. ఒక మార్క్ వెండితో 9 టాలర్లు కొడితే 9 దెబ్బల పని. అదే విలువని చిన్న చిల్లర నాణేలైన ఫెనిగ్‌లుగా కొడితే, టాలర్‌కి 24 గ్రోషెన్, గ్రోషెన్‌కి 12 ఫెనిగ్‌ల చొప్పున 2592 ముక్కలు కొయ్యాలి, తూచాలి, అచ్చు వెయ్యాలి. కూలీ, బొగ్గు, అచ్చుల అరుగుదల అన్నీ బాగా పెరుగుతాయి. సామ్రాజ్య చట్టం చిల్లరలో కూడా దాదాపు పూర్తి విలువకి సరిపడా వెండి ఉండాలని పట్టుబట్టింది. దాంతో నిజాయితీగా చిల్లర కొట్టే టంకశాలకి నష్టం ఖాయం, కొట్టకపోతే సంతలో జనానికి చిల్లర దొరకదు.

టాలర్‌లో వెండి తగ్గిస్తే వ్యాపారులు వెంటనే పట్టేస్తారు, గీటురాయి మీద గీసి చూసే అలవాటు వాళ్ళకుంది. చిల్లరని అలా ఎవరూ పరీక్షించరు. అందుకే కల్తీ ఎప్పుడూ కింద నుంచి మొదలైంది. టాలర్ మారలేదు, చుట్టూ చిల్లర పలచబడింది, దాంతో టాలర్‌కి ఇవ్వాల్సిన చిల్లర పెరుగుతూ పోయింది. 1566లో టాలర్‌కి 68 క్రొయిట్సర్లు (దక్షిణాది చిల్లర నాణేలు), 1618 నాటికి 90 దగ్గర. ఆ 50 ఏళ్ళ జారుడు నెమ్మదిగా జరిగింది కాబట్టి ఎవరూ గగ్గోలు పెట్టలేదు.

1618 మేలో ప్రాగ్ కోట కిటికీలోంచి చక్రవర్తి అధికారుల్ని బయటికి తోసేసిన గొడవతో ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైంది, సైన్యాలకి జీతాలు ఇవ్వాలి. నెమ్మదిగా జారుతున్నది అక్కడి నుంచి పరుగు అందుకుంది. 1622లో చాలా ఊళ్ళలో టాలర్ రేటు 600 క్రొయిట్సర్లు దాటింది. వెండిలో చెప్పాలంటే, 1618 రేటు ప్రకారం 24 క్రొయిట్సర్ల నాణెం విలువ దాదాపు 6.9 గ్రాముల వెండి, 600 రేటు దగ్గర అదే నాణెం విలువ ఒక గ్రాము చిల్లర.

త్రాసు ఊగించేవాళ్ళు

ఈ కాలానికి జర్మన్లు పెట్టిన పేరు కిప్పర్-ఉంట్-విప్పర్-ట్సైట్. విప్పర్ అంటే త్రాసుని ఊగించేవాడు, కిప్పర్ అంటే ఒక పక్కకి ఒరిగించేవాడు అనో, అంచు కత్తిరించేవాడు అనో చెప్తారు. నాణేలు ఒక్కొక్కటీ గబగబా త్రాసులో వేసి, పళ్ళెం కిందికి దిగిన బరువైన వాటిని పక్కకి తీసి కొలిమికి పంపడం, తేలికైన వాటిని మళ్ళీ సంతలోకి వదలడం వీళ్ళ పని. కరిగిన మంచి వెండికి రెండు మూడు రెట్ల రాగి కలిపితే కొత్త నాణేలు రెడీ. పల్లెల్లో తిరిగి పాత రాగి గిన్నెలు, కాగులు కూడా కొనేవాళ్ళు, రాగికి అంత గిరాకీ.

ఇందులో అసలు ఇంజిన్ సరిహద్దు. సొంత రాజ్యంలో కల్తీ నాణెం చెలామణి చేస్తే అది పన్నుల రూపంలో తిరిగి తన ఖజానాకే వస్తుంది, అప్పుడు నష్టం తనదే. అదే బళ్ళకెత్తి పక్క రాజ్యం సంతకి తోలితే, అక్కడి అమాయక రైతు పాత రేటుకే తీసుకుని మంచి నాణెం ఇస్తాడు, ఆ మంచి నాణెం ఇక్కడికొచ్చి కరుగుతుంది. పక్క రాజుకి తన మంచి వెండి పోతోందని తెలిసేసరికి రెండు దారులే మిగులుతాయి, సరిహద్దు మూయడం లేదా తనూ కల్తీ కొట్టడం. మొదటిది ఆచరణలో అయ్యేపని కాదు, సగం రోజు నడిస్తే ఇంకో రాజ్యం వచ్చేస్తుంది. కాబట్టి రెండోదే. ఒకడు మొదలుపెడితే మిగతావాళ్ళు మానుకుంటే నష్టపోయే ఆట ఇది, అందుకే అంటువ్యాధిలా పాకింది.

ఉత్తరాన బ్రౌన్‌ష్వైగ్ ప్రాంతం ఇందులో ముందుంది. డ్యూక్ ఫ్రీడ్రిష్ ఉల్రిష్ హయాంలో అక్కడ టంకశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి, పాడుబడ్డ మఠాలు, మిల్లులు, గిడ్డంగులు, ఏది దొరికితే అది. చాటుమాటుగా నడిచే ఇలాంటి వాటిని జర్మన్లు "పొద చాటు టంకశాలలు" అనేవాళ్ళు. శాక్సనీ ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే ఓటున్న పాలకుడు) యోహాన్ గెయోర్గ్ సొంత గనులున్న పెద్ద రాజు, ఆయనా ఆగలేదు. డ్రెస్డెన్‌లో ఒకటే టంకశాల నడవాల్సిన చోట 1621, 1622లో అన్నాబెర్గ్, కెమ్నిట్స్, లైప్‌సిగ్, నౌంబుర్గ్, పిర్నా, ట్స్వికౌ లాంటి ఊళ్ళలో కొత్తవి తెరిచారు. వీటిలో గ్రూన్‌టాల్ ముచ్చట వింతగా ఉంటుంది. రాగిలో కలిసున్న వెండిని సీసంతో కరిగించి విడదీయడానికి కట్టిన కార్ఖానా అది, సరిగ్గా అక్కడే కూర్చుని రెండింటినీ మళ్ళీ కలిపి నాణేలు కొట్టారు.

ప్రాగ్ కాంట్రాక్ట్

వేరేచోట్ల చాటుగా జరిగింది బొహీమియాలో రాతకోతలతో జరిగింది. 1620 నవంబర్ 8న వైట్ మౌంటెన్ యుద్ధంలో గెలిచిన చక్రవర్తి రెండో ఫెర్డినాండ్‌కి డబ్బు కావాలి. 1622 జనవరిలో ఒక బృందంతో ఒప్పందం కుదిరింది: బొహీమియా, మొరావియా, దిగువ ఆస్ట్రియా టంకశాలలు ఏడాది పాటు వాళ్ళకి లీజు, బదులుగా చక్రవర్తికి 60 లక్షల గుల్డెన్‌లు. గుల్డెన్ అంటే 60 క్రొయిట్సర్ల లెక్క. సభ్యులు 15 మంది, పేర్లు బయటికొచ్చింది ఐదుగురివే: గవర్నర్ కార్ల్ ఫన్ లీచ్‌టెన్‌స్టైన్, సేనాని వాలెన్‌స్టైన్, అధికారి పావెల్ మిఖ్నా, బ్యాంకర్ హాన్స్ డి విట్టె, యూదు వ్యాపారి యాకోబ్ బాసెవి. యుద్ధానికి ముందు ఒక మార్క్ వెండి నుంచి 20 గుల్డెన్‌ల లోపు నాణేలు కొట్టేవాళ్ళు, ఒప్పందం ప్రకారం 79 కొట్టొచ్చు.

ఆ డబ్బుతో ఏం చేశారన్నది ఇంకా పెద్ద విషయం. ఓడిపోయిన ప్రొటెస్టెంట్ జమీందార్ల ఎస్టేట్లని అప్పుడే జప్తు చేసి అమ్ముతున్నారు, బృందంలోవాళ్ళు తాము కొట్టిన కల్తీ నాణేలతోనే వాటిని కొన్నారు. వాలెన్‌స్టైన్ ఆస్తికి పునాది అక్కడ పడింది. 1623 డిసెంబర్‌లో ప్రభుత్వం ఈ నాణేల విలువని ఒక్క దెబ్బతో దాదాపు 87 శాతం కోసేసింది, అప్పటికి భూములు చేతులు మారిపోయాయి. చివరిదాకా అందరికీ కలిసి రాలేదు లెండి, డి విట్టె అప్పుల్లో కూరుకుపోయి 1630లో తన ఇంటి బావిలో దూకి చచ్చిపోయాడు, వాలెన్‌స్టైన్‌ని 1634లో చక్రవర్తి మనుషులే చంపారు.

అప్పటి కరపత్రాలు, బొమ్మల పోస్టర్లు చూస్తే నింద ఎక్కువగా యూదు షరాబుల మీదే వేశారు. పేర్లు చదివితే ఆ కథ నిలబడదు, టంకశాలలు తెరిచింది డ్యూకులు, కౌంట్లు, బిషప్పులు, వాటికి అనుమతి పత్రాల మీద వాళ్ళ ముద్రలే ఉన్నాయి.

దెబ్బ ఎవరికి

మొదట్లో అందరికీ పండగలా అనిపించింది, చేతినిండా డబ్బు, అప్పు ఉన్నవాళ్ళు చెత్త నాణేలతో పాత బాకీలు తీర్చేశారు. జీతం అంకెల్లో ఫిక్స్ అయినవాళ్ళు ముందు మునిగారు, బడిపంతుళ్ళు, పాదర్లు, సైనికులు, కూలీలు. తర్వాత రైతులు ధాన్యాన్ని సంతకి తేవడం మానేశారు, రొట్టె దుకాణాలు మూతపడ్డాయి. 1622లో మాగ్డెబుర్గ్‌లో జనం షరాబుల ఇళ్ళ మీద పడ్డారు, ఆ అల్లర్లలో ప్రాణాలు పోయాయి. రాజులకి కళ్ళు తెరిపించింది మాత్రం జనం ఆకలి కాదు అనే అనిపిస్తుంది, పన్నుగా తిరిగొచ్చిన డబ్బంతా తాము కొట్టిన రాగే అవడం.

కొన్ని ఊళ్ళు ముందే జాగ్రత్తపడ్డాయి. హాంబుర్గ్ 1619లో, న్యూరెంబర్గ్ 1621లో ప్రభుత్వ బ్యాంకులు పెట్టాయి, అక్కడ వ్యాపారి మంచి వెండి జమ చేస్తే లెక్క పుస్తకంలోనే చెల్లింపులు జరిగేవి, చేతికి నాణెం అక్కర్లేదు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్ చూపించిన దారి అది. పెద్ద వర్తకం గట్టెక్కింది, సంతలో గుడ్లు అమ్ముకునే మనిషికి మాత్రం అలాంటి పుస్తకం ఏదీ లేదు.

ఎందుకు మిగల్లేదు

1622, 1623లో మండలాలు కలిసి రేటు మళ్ళీ బిగించాయి, దక్షిణాన టాలర్‌కి 90 క్రొయిట్సర్లు, శాక్సనీ వైపు 24 గ్రోషెన్. కిప్పర్ నాణేల మీద ఉన్న అంకె ఇక చెల్లదు, లోహం విలువకి తూకం వేసి మాత్రమే తీసుకుంటాం అన్నారు. ఇక్కడ మనకి తెలిసిన పోలిక ఒకటుంది. 1330 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కూడా రాగి, ఇత్తడి టంకాలు వెండి టంకాలతో సమానం అన్నాడు, దొంగ టంకాలు వెల్లువలా వచ్చాక వెనక్కి తీసుకుంటూ ఖజానాలోంచి పూర్తి వెండి ఇచ్చాడు. నష్టం తుగ్లక్ భరించాడు. జర్మనీలో నష్టం నాణెం చేతిలో ఉన్నవాడికే మిగిలింది.

సేకరణ కోణంలో ఈ తేడా చాలా పెద్దది. మంచి టాలర్‌ని జనం గోడలో, నేలలో దాస్తారు, తరాలు దాటాక బయటపడుతుంది, అందుకే ఆ కాలపు మంచి టాలర్లు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి. చెడ్డ నాణెం ఎవడూ దాచడు, చేతిలో పడ్డ రోజే వదిలించుకుంటాడు, చివరికి అది ప్రభుత్వ కొలిమికి చేరుతుంది. చెడ్డ డబ్బు మంచి డబ్బుని తరిమేస్తుందన్న గ్రెషమ్ సూత్రం సంతకి నిజమే, నాలుగు వందల ఏళ్ళ తర్వాత మ్యూజియం అరలో చూస్తే మంచిదే మిగిలి చెడ్డది పోయింది.

సేకరించేవాళ్ళకి చిక్కులు

మొదటి చిక్కు అంకె. చాలా నాణేల మీద పైన శిలువ ఉన్న గోళం బొమ్మ, దాని మధ్యలో 24 అని ఉంటుంది. అది 24 క్రొయిట్సర్లు కావచ్చు, టాలర్‌లో 24వ వంతు అంటే ఒక గ్రోషెన్ కావచ్చు, ఈ రెండింటికీ విలువలో ఆరేడు రెట్ల తేడా. సైజు, బరువు, ఏ ప్రాంతం అన్నది చూసి తేల్చుకోవాలి. సంవత్సరం కూడా చాలాసార్లు చివరి రెండంకెలే ఉంటుంది, 2 అంకె ఇంగ్లీష్ జెడ్ అక్షరంలా చెక్కి ఉంటుంది, అలవాటు లేనివాళ్ళు అది అంకె అనే అనుకోరు.

రెండోది ఎవరు కొట్టారన్నది. మామూలుగా నాణెం మీద రాజు పేరు పెద్దగా ఉండాలి, అది గర్వం. కిప్పర్ నాణేల్లో చాలావాటి మీద పేరు కుదించి, ముద్ర మసకగా, టంకశాల గుర్తు అసలు లేకుండా ఉంటుంది. పక్క రాజ్యం డిజైన్‌ని దూరం నుంచి చూస్తే అదే అనిపించేలా కాపీ కొట్టడమూ మామూలే. పరీక్షలో దొరక్కూడదు కదా. అందుకే కొన్ని నాణేలు ఎక్కడివో తేల్చడానికి డాలు బొమ్మ మీది సింహాలు, చేపలు, తాళంచెవుల లాంటి వంశ చిహ్నాలే ఆధారం.

మూడోది శుభ్రం చేయడం, ఇక్కడ నష్టపోయేవాళ్ళే ఎక్కువ. వెండి తక్కువ ఉన్న బిళ్ళల్ని అచ్చు వేసే ముందు ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే పుల్లటి ఉప్పు, మామూలు ఉప్పు కలిపిన నీళ్ళలో మరగబెట్టేవాళ్ళు. పైపొరలో రాగి కరిగిపోయి పలచటి తెల్లటి వెండి పొర మిగులుతుంది, టంకశాల నుంచి వచ్చేటప్పుడు అది మేలిమిలా మెరుస్తుంది. ఇప్పుడు ఎవరైనా మురికి పట్టిందని యాసిడ్‌తోనో పేస్ట్‌తోనో రుద్దితే ఆ పొర కాస్తా పోయి ఎర్ర రాగి ముక్క చేతికొస్తుంది, దానితోపాటే ధర కూడా. ఎక్స్‌రే మెషిన్‌తో వన్నె చూసే షాపుల్లో ఇంకో తిరకాసు ఉంది, ఆ మెషిన్ పైపొరనే చదువుతుంది కాబట్టి లోపల ఉన్నదానికంటే వెండి ఎక్కువ చూపిస్తుంది. అంచు అరిగిన చోట రీడింగ్ తీస్తే కొంత నిజం తెలుస్తుంది.

నాలుగోది నకిలీ అనే మాటే గందరగోళం కావడం. డ్యూక్ అనుమతితో కొట్టిన కల్తీ నాణెం అసలుది, అదే వన్నెలో అదే ఏడాది వేరేవాడు చాటుగా కొట్టింది నకిలీ. వెండి శాతం చూసి ఈ రెండింటినీ విడదీయలేం, అచ్చు పోల్చి చూడాల్సిందే. అచ్చు వంకరగా పడడం, నాణెం కొంచెం వంగి ఉండడం మాత్రం నకిలీ గుర్తులు కావు, రోలర్ల మధ్య రేకు దూర్చి అచ్చు వేసినవి సహజంగానే అలా వంగుతాయి.

"చాలా అరుదు" అన్నప్పుడు చూడాల్సినవి

కిప్పర్ కాలం నాణెం అనగానే అరుదు కాదు. పోలండ్ రాజు మూడో సిగిస్మండ్ 1614 నుంచి 1627 దాకా కొట్టించిన పుల్‌తొరాక్ అనే ఒకటిన్నర గ్రోషెన్ నాణెం కూడా తక్కువ వన్నెదే, ఆ కాలందే, కానీ 1623లో దాన్నెవరూ కరిగించలేదు, తూర్పు యూరప్ అంతా తర్వాత కూడా చెలామణి అయింది. అందుకే ఇవాళ గుట్టలుగా, చవగ్గా దొరుకుతుంది. లిస్టింగులో దీన్ని "కిప్పర్ అరుదు" అని పెడితే ఆ అమ్మకందారు మిగతా మాటలు కూడా అనుమానంగానే చూడాలి.

దానికి అటు చివర శాక్సనీ దేవదూత టాలర్లు ఉంటాయి, వంశ చిహ్నాల డాళ్ళు పట్టుకున్న దేవదూత బొమ్మతో కొట్టిన పెద్ద నాణేలు. టాలర్‌లా కనిపిస్తాయి గానీ వెండి తక్కువ, ప్రకటించిన విలువ మాత్రం గ్రోషెన్‌లలో భారీగా. శాక్సనీలో కిప్పర్ టంకశాలలు కొన్ని నెలల తరబడే నడిచాయి, కాబట్టి ఒకే డిజైన్ ఉన్న రెండు నాణేల్లో టంకశాల గుర్తుని బట్టి ఒకటి మామూలుది, ఇంకొకటి పట్టుకోవడమే కష్టం అయినది కావచ్చు. ఇక్కడ ధర పెట్టేది వెండి కాదు, ఆ చిన్న గుర్తు. అది స్పష్టంగా లేని నాణేనికి అరుదు ధర పెట్టడం అంటే లాటరీ కొన్నట్టే.

ఇంకోటి, 1670ల నుంచి 1690 దాకా రెండోసారి ఇలాంటి దశ వచ్చింది, దాన్ని చిన్న కిప్పర్ కాలం అంటారు. అప్పుడు ఎక్కువగా కల్తీ అయింది టాలర్‌లో మూడింట రెండొంతుల విలువ ఉన్న నాణేలు, ఆ పనిలో బాగా పేరు మోసినవాడు సాయిన్-విట్‌గెన్‌స్టైన్ కౌంట్ గుస్టాఫ్. వీటిలో వెండి 1622 సరుకు కంటే చాలా నయం, బొమ్మ కూడా శుభ్రంగా ఉంటుంది. లిస్టింగులో ఊరికే "కిప్పర్" అని రాసి ఉంటే ముందు సంవత్సరం చూడాలి, 1621 అయితే ఒక లెక్క, 1676 అయితే పూర్తిగా వేరే లెక్క.